దొరలు ఏ పని చేశారు, ఆ పని పోయాక ఏం మిగిలింది

వందేళ్ళ కిందటి తెలుగు పత్రికలు, పుస్తకాలు తిరగేస్తే "దొరతనము వారు" అనే మాట తరచుగా కనబడుతుంది. అంటే గవర్నమెంటు. ఇప్పుడు మనం ప్రభుత్వం అంటున్నదాన్ని అప్పటివాళ్ళు దొరతనం అన్నారు, పరిపాలించడం అనే పనికీ దొరగా ఉండడం అనే హోదాకీ మధ్య గీత వాళ్ళకి అంత స్పష్టంగా లేదు కాబట్టి. అదే మాట తెలంగాణ పల్లెల్లో గడీలో, అంటే కోటలాంటి పెద్ద ఇంట్లో, ఉండే దేశ్‌ముఖ్ అనే భూస్వామికి వాడారు, గోదావరి జిల్లాల్లో ఆనకట్ట కట్టిన ఇంగ్లీషు ఇంజనీరుకి వాడారు. ఒకరి ముందు చెప్పులు విప్పి చేతులు కట్టుకుని "బాంచెన్ దొరా" అనాల్సి వచ్చింది. ఇంకొకరికి ఊరూరా విగ్రహాలు పెట్టుకుని, ఎవరూ బలవంతం చేయకుండానే, కాటన్ దొర అని పిలుచుకుంటున్నారు.

ఈ తేడా దగ్గర కాసేపు ఆగాలి. రాజులు, జమీందార్లు, సంస్థానాల గురించి మన దగ్గర మాట మొదలైతే రెండే రకాలుగా నడుస్తుంది. కాలేజీలు పెట్టారు, సంగీతం పోషించారు, నిఘంటువులు వేయించారు అని ఒకరంటారు. వెట్టి చేయించారు, భూములు లాక్కున్నారు, కొట్టి చంపారు అని ఇంకొకరు. రెండూ నిజాలే. కానీ ఈ వాదనలో ఒక ప్రశ్న ఎవరూ అడగరు. అసలు రాజ్యానికి వీళ్ళతో ఉన్న అవసరం ఏమిటి, ఏ పని కోసం వీళ్ళని పెట్టుకున్నారు, ఆ పని ఎప్పుడు పోయింది? ఇది అడిగితే తెలుగు నేల మీద ఏడు వందల ఏళ్ళ కులీన వర్గం కథ కొంచెం వేరుగా కనిపిస్తుంది. పని ఉన్నంతకాలం ఆ వర్గాన్ని భరించడానికి రాజుకీ రైతుకీ ఏదో ఒక కారణం ఉంది. పని పోయి ఆదాయం మాత్రం మిగిలిన రోజు నుంచి ఆ కారణం తరిగిపోతూ వచ్చింది.

కాకతీయుల దగ్గర మొదలుపెడదాం. ఓరుగల్లులో కూర్చున్న రాజుకి సముద్రతీరం దాకా రాజ్యం ఉంది. రోడ్లు లేవు, నెలనెలా జీతాలిచ్చే ఖజానా లేదు, ఊరూరికీ పంపడానికి ఉద్యోగులు లేరు. మరి సైన్యం ఎలా? కొన్ని ఊళ్ళ రాబడి ఒక నాయకుడికి రాసిచ్చి, దాంతో ఇన్ని గుర్రాలు, ఇంతమంది కాల్బలం సిద్ధంగా ఉంచు, పిలిచినప్పుడు రా అనడమే. దీన్నే నాయంకరం అన్నారు. ప్రతాపరుద్రుడి దగ్గర డెబ్భై ఏడుగురు నాయకులు ఉండేవారని, కోట బురుజులు ఒక్కోటి ఒక్కొక్కరికి అప్పగించారని చెప్పుకుంటారు. గమనించాల్సింది ఏమిటంటే ఆ నాయకుల్లో చాలామంది పాత రాజవంశాల వాళ్ళు కారు, యుద్ధంలో పనికొచ్చి పైకొచ్చిన వాళ్ళు. పెద్దరికం అప్పట్లో పుట్టుకతో పాటు పనితో కూడా వచ్చేది.

ఇక్కడ పని అంటే కత్తి ఒక్కటే అనుకోకూడదు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన గుడే ఇవాళ ప్రపంచ వారసత్వ కట్టడమైన రామప్ప. గుడి పక్కనే చెరువు కూడా ఉంది, ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా దాని కింద పొలాలు పండుతున్నాయి. చెరువు తవ్వించినవాళ్ళకి, బాగు చేయించినవాళ్ళకి దాని కింద భూమిలో కొంత మాన్యంగా ఇచ్చే దశబంధం అనే ఏర్పాటు ఉండేది. అంటే ఇదంతా దయాగుణం అని కాదు, నీరుంటే పంట, పంటుంటే నాయకుడికి రాబడి, రాబడి ఉంటే గుర్రాలు. నాయకుడి స్వార్థమూ ఊరి అవసరమూ ఒకే కట్ట మీద నడిచాయి, కనీసం చెరువు విషయంలో.

విజయనగరం వాళ్ళు దీన్నే ఇంకా పెద్ద ఎత్తున నడిపారు. అమరనాయకులు అంటే వీళ్ళే. పదహారో శతాబ్దంలో అక్కడున్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిపెట్టిన లెక్క ప్రకారం నాయకుల భూముల రాబడిలో సుమారు సగం రాజుకి చేరాలి, మిగతాదాంతో సైన్యాన్ని పోషించాలి, ఆ చెల్లింపులు మహర్నవమి పండగ రోజుల్లో జరిగేవి. మాట తప్పితే భూమి పోతుంది, మనిషి పోతాడు. భూమి మొత్తం రాజుది, నాయకుడిది అధికారం మాత్రమే, అదీ రాజు ఉంచినంతకాలమే. ఆ రోజుల్ని స్వర్ణయుగంగా చెప్పుకునే అలవాటు మనకుంది గానీ, అదే నూనిజ్ ఆ నాయకుల చేతుల్లో మామూలు జనం ఎంత నలిగిపోయారో కూడా రాశాడు. రాజుకి ఇవ్వాల్సిన సగం, సైన్యానికి పెట్టాల్సిన మిగతాది, పైగా తన దర్జా, ఇదంతా చివరికి నాగలి పట్టినవాడి నుంచే రావాలి కదా.

1565 యుద్ధంలో విజయనగరం దెబ్బతిన్నాక మధురై, తంజావూరు, జింజి నాయకులు, వాళ్ళలో తెలుగువాళ్ళే ముఖ్యులు, దాదాపు సొంత రాజులయ్యారు. అంతకు ముందు 1323లో ఓరుగల్లు పడిపోయినప్పుడూ ఇదే జరిగింది, నాయకులే విడిపోయి ముసునూరి వాళ్ళు, కొండవీటి రెడ్లు, రాచకొండ పద్మనాయకులు అయ్యారు. కేంద్రం గట్టిగా ఉన్నప్పుడు ఉద్యోగి, బలహీనపడితే రాజు. తర్వాత వచ్చిన జమీందార్లలో చాలా కుటుంబాలు ఇలాంటి మూలాలే చెప్పుకుంటాయి. వెంకటగిరి వంశం తమది రేచర్ల పద్మనాయకుల పరంపర అంటుంది.

పద్దెనిమిదో శతాబ్దానికి వచ్చేసరికి ఉత్తర సర్కారుల్లో, అంటే ఇప్పటి శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా, ఈ కుటుంబాలకి కోటలున్నాయి, సొంత బలగాలున్నాయి, నవాబుకి కట్టాల్సిన పేష్కషు, అంటే కప్పం, వీలైనప్పుడు కడతారు, లేనప్పుడు ఎగ్గొడతారు. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం మనకి వీరగాథగా గుర్తుంది. పాలన లెక్కలో చూస్తే అది పక్కపక్కనే ఉన్న రెండు సంస్థానాల పాత పగ, పన్ను వసూలుకి వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ తుపాకులతో కలవడం. విజయనగరం (పాత సామ్రాజ్యం కాదు, ఉత్తరాంధ్రలోని సంస్థానం) పూసపాటి విజయరామరాజు బుస్సీని వెంటబెట్టుకుని వచ్చాడు, కోటలో ఆడవాళ్ళు పిల్లలతో సహా ప్రాణాలు పోయాయి, ఆ తర్వాత విజయరామరాజు తన డేరాలోనే హతమయ్యాడు, తాండ్ర పాపారాయుడి చేతిలో అని కథ. గెలిచినవాడూ మిగల్లేదు. ఇంకో ముప్పై ఏడేళ్ళకి, 1794 జూలై 10న, అదే విజయనగరం కుటుంబంలోని చిన విజయరామరాజు పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని ఎదిరించి చనిపోయాడు. పేష్కషు బకాయిలు కట్టమన్నారు, సంస్థానం వదిలి వెళ్ళమన్నారు, ఆయన వెళ్ళలేదు. తీరాంధ్రలో సొంత సైన్యం ఉన్న దొరల కాలం ఆ పొద్దున ముగిసిందంటే పెద్ద తప్పు కాదు.

ఇప్పుడు అసలు మలుపు. 1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు ఏర్పాటు తెచ్చింది. జమీందారుకి సన్నదు, అంటే హక్కు పత్రం, రాసిచ్చారు, ఎస్టేటు ఆదాయం అంచనా వేసి అందులో మూడింట రెండు వంతులు పేష్కషుగా కట్టమన్నారు, ఆ మొత్తం ఇక ఎప్పటికీ మారదన్నారు. బయటికి ఇది జమీందార్లకి పెద్ద వరంలాగే కనిపిస్తుంది, చాలామంది అలాగే రాస్తారు కూడా. కానీ ఆ సన్నదుతో పాటు ఏమేం పోయాయో చూడండి. సొంత సైన్యం ఉండకూడదు. పోలీసు అధికారం లేదు. న్యాయం చెప్పడం కోర్టుల పని. ఉప్పు మీద రాబడి, సరుకుల మీద సుంకాలు సర్కారువి. ఐదారు వందల ఏళ్ళుగా ఏ పనుల కోసమైతే ఈ వర్గం ఉందో అవన్నీ ఒక్క దెబ్బతో తీసేసి, రైతు దగ్గర వసూలు చేసి సర్కారుకి కట్టే ఒకే ఒక్క పని మిగిల్చారు.

పైగా లెక్క స్థిరం. విజయనగరం పేష్కషు దాదాపు ఐదు లక్షల రూపాయల దగ్గర ఆగింది. ఆ తర్వాత నూరేళ్ళలో బంజర్లు సాగులోకి వచ్చాయి, ధాన్యం ధరలు పెరిగాయి, జనాభా పెరిగి భూమికి పోటీ పెరిగింది. సర్కారుకి కట్టేది పెరగదు, రైతు దగ్గర తీసుకునేది పెంచుకోవచ్చు. మధ్యలో ఏర్పడిన ఆ తేడా మొత్తం దివాణంలోకి పోయింది. ఇందుకోసం జమీందారు కొత్తగా చేయాల్సింది ఏమీ లేదు. అప్పట్లో రేచర్ల రుద్రుడికి చెరువు తవ్విస్తే తప్ప రాబడి పెరగదు. ఇప్పుడు ఊరికే కూర్చున్నా పెరుగుతుంది.

నీళ్ళ పని కూడా చేతులు మారింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి, బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయ్యాయి, రెండూ కంపెనీ ఇంజనీర్లు కట్టినవి, డెల్టా జమీందార్ల పొలాలకీ ఆ నీళ్ళే వచ్చాయి. డెల్టా బయట, మెట్ట ఎస్టేట్లలో చెరువుల పూడిక తీయించలేదని, తూములు బాగు చేయించలేదని, శిస్తు మాత్రం తడి భూమి రేటుకే లాగుతున్నారని రైతుల ఫిర్యాదులు తర్వాత దశాబ్దాల తరబడి నడిచాయి. గోదావరి రైతు దొర అనే మాటని కాటన్‌కి ఎందుకు ఇచ్చాడో ఇక్కడ అర్థమవుతుంది. నీళ్ళు తెచ్చినవాడు దొర. ఆ మాటకున్న పాత అర్థం జనానికి గుర్తుంది, ఆ పని చేసినవాడు మారాడంతే.

జమీందార్లందరూ బాగుపడ్డారా అంటే అదీ లేదు. గుంటూరు వైపు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి సంగతి చూడాలి. కృష్ణ ఒడ్డున అమరావతిని తన రాజధానిగా కట్టించుకున్నాడు, ఆ కట్టుబడికి రాళ్ళ కోసం తవ్వుతుంటేనే బౌద్ధ స్తూపం బయటపడి 1797లో కాలిన్ మెకంజీ కంటబడింది. 1816లో ఆయన పోయాక దత్తపుత్రుల మధ్య వారసత్వ దావా మొదలై ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది, ఆస్తి కరిగిపోయింది. మధ్యలో 1832-33 కరువు. 1840లు ముగిసేసరికి గుంటూరు జిల్లాలో పెద్ద జమీందారీలన్నీ బకాయిల కింద సర్కారు చేతిలోకి పోయాయి. సర్కారు తన చేతిలో ఉన్న హవేలీ భూముల్ని ముఠాలుగా, అంటే చిన్న ఎస్టేట్లుగా, చేసి వేలం వేస్తే డబ్బున్నవాళ్ళు కొనుక్కుని రాత్రికి రాత్రి జమీందార్లయ్యారు, వాళ్ళలోనూ చాలామంది బకాయి పడి పోగొట్టుకున్నారు. కత్తితో వచ్చిన హోదా ఇప్పుడు వేలంలో దొరుకుతోంది, వేలంలోనే పోతోంది.

నిలబడ్డ పెద్ద సంస్థానాలకి లాయర్లే సైన్యం అయ్యారు. పెద్దకొడుక్కే మొత్తం దక్కాలా, తమ్ముళ్ళకి వాటా ఉందా, దత్తత చెల్లుతుందా, రాజు తనకి తోచినట్టు ఎస్టేటు అమ్మేయొచ్చా, ఇలాంటి దావాలు లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోయాయి. పిఠాపురం కేసులో 1899లో, అమ్మడానికీ రాసివ్వడానికీ ఉన్నవాడికి హక్కుందని తీర్పొస్తే, ఇలా అయితే పెద్ద ఎస్టేట్లు ముక్కలైపోతాయని మద్రాసు ప్రభుత్వం 1904లో చట్టం తెచ్చి కొన్నిటిని విభజించడానికి వీల్లేకుండా చేసింది. అంటే ఒకప్పుడు తన బలంతో నిలబడిన వర్గం ఇప్పుడు సర్కారు చట్టం కాపుగా ఉంటే తప్ప నిలబడని స్థితికి వచ్చింది. వారసుడు చిన్నపిల్లాడైతే ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చూసుకునేది, పిల్లాడిని మద్రాసు న్యూయింగ్టన్‌లో ఉంచి ఇంగ్లీషు, టెన్నిస్, గుర్రపు స్వారీ నేర్పేవాళ్ళు. ఊరు అతనికి తెలియదు, ఊరికి అతను తెలియడు.

ఇక ఆ రాబడితో చేసిన మంచి పనులు. ఇవి చిన్నవి కావు, తక్కువ చేసి చెప్పడం అన్యాయం. విజయనగరం ఆనంద గజపతి తన జిల్లాలో కన్యాశుల్కం పెళ్ళిళ్ళ లెక్కలు సేకరింపజేశాడు, ఆయన కొలువులో ఉన్న గురజాడ అప్పారావు ఆ సమస్య మీదే నాటకం రాసి ఆయనకే అంకితమిచ్చాడు, ఆధునిక తెలుగు సాహిత్యానికి అదొక పునాది. అదే ఊళ్ళో 1919లో పెట్టిన సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. పిఠాపురం రాజా సూర్యారావు పేరు మీదున్న నిఘంటువు లేకుండా ఇప్పటికీ తెలుగు పండితుడికి పని జరగదు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు.

అయితే మునగాల గురించి చెప్పకుండా ఈ లెక్క పూర్తవదు. నిజాం రాజ్యం మధ్యలో ద్వీపంలా ఉంటూ కృష్ణా జిల్లా కింద లెక్కకొచ్చే చిన్న పరగణా అది. దాని రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైందంటే, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టి చరిత్ర, సైన్సు పుస్తకాలు తెలుగులో అచ్చై ఇంటింటికీ చేరాయంటే, అందులో ఈ రాజా చేయి, ఈ దివాను బుర్ర ఉన్నాయి. తెలంగాణలో తెలుగు చదువుకున్న తరం ఆ గ్రంథాలయానికి రుణపడి ఉంది. అదే మునగాలలో 1930ల చివర రైతులు వెట్టికి, అక్రమ వసూళ్ళకి, భూముల ఆక్రమణకి ఎదురుతిరిగి సత్యాగ్రహాలు చేశారు. రాజా వేరే మనిషి కాదు, ఆయనే.

ఈ రెండిటినీ త్రాసులో పెట్టి ఇటు మంచి ఇంత, అటు చెడు ఇంత అని తూచే పని చాలామంది చేస్తారు. ఆ తూకం వల్ల మనకి తెలిసేది తక్కువ. గ్రంథాలయమూ వెట్టీ ఒకే చోట నుంచి పుట్టాయి. ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని రాబడి ఒక మనిషి చేతిలో ఉంది, దాన్ని ఆయన పుస్తకాలకి పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు. శిస్తు కట్టిన రైతుకి ఆ నిర్ణయంలో మాట లేదు, ఆ గ్రంథాలయంలో కూర్చుని చదివే చదువూ లేదు. విజయనగరం కాలేజీలో చేరిన, ఫీజు కట్టలేని పేద విద్యార్థికి మేలు జరిగింది, అది అబద్ధం కాదు. కానీ ఆ కాలేజీ గజపతి మంచితనం మీద ఆధారపడింది తప్ప ఆ ఎస్టేటు రైతు హక్కు మీద కాదు. మంచి రాజు పోయి ఇంకో రకం రాజు వస్తే అడిగే దారి లేదు.

పని పోయిన వర్గం కొత్త పని వెతుక్కోవడం సహజం, ఈ వెతుకులాటలోనే చాలామంది రాజకీయాల్లోకి వచ్చారు. 1920 ఎన్నికల్లో గెలిచిన జస్టిస్ పార్టీకి జమీందార్ల అండ బాగా ఉంది. పానగల్ రాజా 1921 నుంచి 1926 దాకా మద్రాసు ముఖ్యమంత్రి, దేవాలయాల ఆదాయం మీద ప్రభుత్వ అజమాయిషీ తేవడం, ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరులకి వాటా కల్పించడం ఆయన కాలంలో బలపడ్డ విషయాలే, వాటి ప్రభావం ఇప్పటికీ ఉంది. 1932లో బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు ఆ పీఠం ఎక్కాడు. విజయనగరం మహారాజ్‌కుమార్ 1936లో ఇండియా క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్ళాడు. కౌన్సిల్లో, క్రికెట్లో, దర్బారుల్లో ఎక్కడ చూసినా వీళ్ళే. ఊళ్ళో మాత్రం కాళ్ళ కింద నేల కదులుతోంది.

1929 తర్వాత ధాన్యం ధరలు పడిపోయాయి, నగదు శిస్తు మాత్రం పాత రేటే. 1908 చట్టం రైతుకి భూమి మీద సాగు హక్కు ఇచ్చింది గానీ శిస్తు భారం తగ్గించలేదు. పక్క ఊరు రైత్వారీ, అంటే రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టేది, అయితే అక్కడ ఎకరానికి కట్టేది తక్కువ, జమీను ఊళ్ళో ఎక్కువ, గట్టు దాటితే తేడా కనిపిస్తుంది. పైగా పశువుల మేతకి పుల్లరి, నజరానాలు, పెళ్ళికీ పండక్కీ కానుకలు. వెంకటగిరి, చల్లపల్లి, మునగాల, కాళీపట్నం, ఎక్కడికక్కడ రైతు సంఘాలు లేచాయి. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతుల పాదయాత్ర నడిచింది. 1937 ఎన్నికల్లో, పన్ను కట్టేవాళ్ళకీ చదువుకున్నవాళ్ళకే ఓటున్న ఆ రోజుల్లో కూడా, బొబ్బిలి రాజా తన సొంత బొబ్బిలిలోనే కాంగ్రెస్ నిలబెట్టిన వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. 1757లో ఆ కోట కోసం చచ్చిపోవడానికి సిద్ధపడ్డ మనుషులున్న ఊరు అది. మధ్యలో నూట ఎనభై ఏళ్ళు, అందులో నూట ముప్పై అయిదేళ్ళు కోట నుంచి ఊరికి వచ్చింది శిస్తు రసీదు తప్ప పెద్దగా ఏమీ లేదు.

అదే ఏడు రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన కమిటీ వేశారు. ఊళ్ళు తిరిగి సాక్ష్యాలు తీసుకుని 1938లో ఇచ్చిన రిపోర్టు సారాంశం సూటిగా ఉంది. భూమికి యజమాని రైతు, జమీందారు వసూలు చేసేవాడు మాత్రమే, శిస్తు 1802 నాటి స్థాయికి తగ్గాలి. మంత్రివర్గం 1939లో రాజీనామా చేయడంతో అది కాగితం మీదే ఆగింది. మరుసటి ఏడు మందసలో కట్టెల కోసం అడవికెళ్ళిన రైతుల్ని అరెస్టు చేస్తే, అడ్డుకున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, వీర గున్నమ్మ చనిపోయింది. చివరికి 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. నష్టపరిహారం కూడా ఇచ్చారు, లెక్కగట్టిన ఏడాది ఆదాయానికి చిన్న ఎస్టేటుకైతే ముప్పై రెట్లు, లక్ష దాటినదానికి పన్నెండున్నర రెట్లు. సొంత కమతం భూములు వాళ్ళకే ఉన్నాయి.

తెలంగాణ దారి వేరు, ఇంకా కటువైనది. నిజాం రాజ్యంలో భూమిలో సుమారు అరవై శాతం దివానీ, అంటే సర్కారే నేరుగా శిస్తు తీసుకునేది, పది శాతం నిజాం సొంత ఖర్చులకి సర్ఫేఖాస్, మిగతా ముప్పై శాతం జాగీర్లు, సంస్థానాలు. పాయిగాలు అన్నవి మొదట్లో నిజాం రక్షణ సైన్యాన్ని పోషించడానికి ఇచ్చినవే. ఇరవయ్యో శతాబ్దానికి సైన్యం పేరుకే, పాలెస్‌లు నిజం. గద్వాల, వనపర్తి, జటప్రోలు లాంటి పాత సంస్థానాలు పండితుల్ని పోషిస్తూ తమ పద్ధతిలో తాము నడిచాయి.

రైతుకి ఎదురుగా ఉన్నది మాత్రం ఎక్కువ చోట్ల దేశ్‌ముఖ్. అతని పాత ఉద్యోగం పన్ను వసూలు చేసి పెట్టడం. 1853 నుంచి ముప్పై ఏళ్ళు ప్రధానిగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ జిల్లాలు ఏర్పరిచి, జీతగాళ్ళయిన అధికారుల్ని పెట్టి, ఆ పని దేశ్‌ముఖ్‌ల నుంచి తీసేసి పరిహారంగా ఏటా రుసుం ఇచ్చాడు. పాలన దృష్టితో చూస్తే ఇది మంచి సంస్కరణే. కానీ ఊళ్ళో ఏ సర్వే నెంబరు ఎవరిది, ఏ భూమికి కాగితం లేదు, ఏ పట్వారీ ఎవరి మాట వింటాడు, ఈ సంగతులు తెలిసింది పాత వసూలుదారుకే. సర్వే జరిగి పట్టాలు రాస్తున్నప్పుడు ఆ తెలివి వేల ఎకరాలుగా మారింది. ఉద్యోగం పోయినవాడు యజమాని అయ్యాడు. విసునూరు దేశ్‌ముఖ్ చేతిలో అరవై ఊళ్ళలో నలభై వేల ఎకరాలు ఉండేదని ఉద్యమ నాయకులు లెక్క చెప్పారు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఏ కులం చేసే పనైనా గడీకి ఉచితంగా చేసి తీరాలి. ఠాణా దూరం, పోలీసు అమీను దొర ఇంట్లో అతిథి, ఇంక చెప్పుకునేది ఎవరికి?

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకి చేసిన పొలంలో పంట దొర మనుషులకి వదలనని నిలబడటం, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకి పడిపోవడం, ఆ తర్వాత సాయుధ పోరాటం, ఇవి అందరికీ తెలిసినవే. ఆ పోరాట నాయకుల్లో రావి నారాయణరెడ్డి భూస్వామ్య కుటుంబంలో పుట్టినవాడు, తన భూమి పంచినవాడు. దొర వర్గం లోపల్నుంచి కూడా బీటలు పడిందనడానికి అదొక గుర్తు. 1948 సెప్టెంబరు 17న నిజాం పాలన ముగిసింది, 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. కోస్తాలో దశాబ్దాల పాటు పిటిషన్లు, కమిటీలు, ఎన్నికలతో జరిగింది ఇక్కడ నాలుగైదేళ్ళలో నెత్తురుతో జరిగింది. నిజాం రాజ్యంలో మామూలు రైతుకి ఓటూ లేదు, అతని మాట వినే సభా లేదు.

బ్రిటన్‌తో పోలిస్తే ఒక తేడా కనబడుతుంది. అక్కడి ప్రభువులు అధికారాన్ని ఒక్కో మెట్టు దిగుతూ వదులుకున్నారు, 1911లో వీటో పోయింది, 1999లో వారసత్వ సభ్యుల్లో తొంభై రెండు మందే మిగిలారు. ప్రతి మెట్టు దగ్గరా దిగువ సభతో, అంటే ఎన్నికైనవాళ్ళతో, బేరం కుదుర్చుకోవాల్సి వచ్చింది. మన జమీందారుకి బేరం ఆడాల్సింది కలెక్టరుతోనే, రైతుతో కాదు. ఆ నూట నలభై ఏళ్ళలో రైతుతో మాట్లాడే అలవాటే పోయింది, అవసరం వచ్చేసరికి ఆలస్యమైంది.

రద్దు తర్వాత ఈ కుటుంబాలు మాయమైపోలేదు. విజయనగరం పి.వి.జి. రాజు సోషలిస్టుగా ఎన్నికల్లోకి వచ్చాడు, 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి విద్యాసంస్థల్ని దాని కిందకి తెచ్చాడు, ఆయన కొడుకు అశోక్ గజపతిరాజు కేంద్ర మంత్రి అయ్యాడు. బొబ్బిలి, వనపర్తి కుటుంబాల నుంచి ఎమ్మెల్యేలు, ఎంపీలు వచ్చారు. జనం ఓట్లేశారు, కొన్నిసార్లు గెలిపించారు, కొన్నిసార్లు ఓడించారు, ఇది పాత దొరతనం కిందకి రాదు. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ నడిచింది. వికారుల్ ఉమ్రా అనే పాయిగా ప్రభువు కట్టుకున్న ఫలక్‌నుమా హోటలైంది. పల్లెల్లో గడీలు కొన్ని బడులయ్యాయి, కొన్ని కూలిపోయాయి.

కానీ పుట్టుకతో వచ్చే అధికారం 1948-49తో పూర్తిగా పోయిందనుకుంటే పొరపాటు. ఊళ్ళో రైతు పేరు మీద పట్టా రాయాల్సింది, అడంగల్ అనే ఊరి రికార్డులో సాగు నమోదు చేయాల్సింది కరణం, శిస్తు వసూలు మునసబుది, తెలంగాణలో పటేల్ పట్వారీలది. ఆ ఉద్యోగాలు తండ్రి నుంచి కొడుక్కి నడిచేవి. రాజు పోయాడు, రాజు లెక్కలు రాసిన కుటుంబం అక్కడే ఉంది, భూమి ఎవరిదో కాగితం మీద తేల్చేది ఆ కుటుంబమే. 1973 భూపరిమితి చట్టం కింద ఎవరి మిగులు భూమి ఎంతో చెప్పాల్సిన లెక్కలూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఆ వంశపారంపర్య గ్రామోద్యోగాలన్నీ ఒకేసారి రద్దు చేసినప్పుడు చాలా ఊళ్ళలో రికార్డులు అప్పగించడానికే పెద్ద గొడవలయ్యాయి. నాయంకరం రోజుల నుంచి ఊరి దాకా తన మనిషిని పంపలేక పుట్టుకని నమ్ముకున్న రాజ్యం, ఆ దస్త్రాల కట్టలు ఒక జీతగాడి బల్ల మీదకి చేరాక గానీ ఆ అవసరం నుంచి బయటపడలేదు.